ఆపా పరిచిన చాపలు

నా చిన్నప్పుడు తాండూరులో మేమంతా ఆపా, అంటే అక్క, అని పిలిచే పక్కింటామె తన వసారాలో ముస్లిం ఆడపిల్లలకు కుట్టుపనీ చదువూ నేర్పేది. అది నిజాం పాలన పోయిన మరుసటేడు. పాలన మారినప్పటి గడబిడలో బయటికి వెళ్లిన మా నాన్న తిరిగి రాలేదు. మా వీధిలో అలాంటి ఇళ్లు మరికొన్ని ఉండేవి. అమ్మ నాపరాళ్ల గనిలో రాళ్లు మోసేది. ఆపా దగ్గర మధ్యాహ్నం జొన్నరొట్టె పెట్టేవారు కనుక నన్ను అక్కడికి పంపేది. తరగతి మూతపడితే నేనూ గనికి రావలసిందేనని ముందే చెప్పింది.

ఆ రొట్టె ఖర్చు పట్నంలోని ఒక సంఘం భరించేది. పన్నెండుమంది పిల్లలు లేకపోతే ఆపేస్తామని వాళ్ల షరతు. దేశాలు తిరుగుతూ మన వైపు వచ్చిన ఒక దొరసాని మా తరగతి చూడబోతోందనీ, సంఘం పెద్దాయన కూడా వస్తాడనీ కబురొచ్చింది. అవి కందికోతల రోజులు. వాళ్లొచ్చే పొద్దు తరగతికి వచ్చింది నలుగురమే.

వాళ్ల రైలు రాకముందే ఎదురింటి గొల్లవ్వ పరుగున వచ్చి ఆపా చెయ్యి పట్టుకుంది.

"మా మనుమరాండ్లను తోలుత. నెత్తిమీద ఓణీ కప్పితే ఎవనికెరుక? మా చిన్నది నోరు మూసుకోదు, దాన్ని ఎనక కూసోబెట్టు."

ఆపా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "వద్దవ్వా. నీ మనుమరాలిని మూలింటి పిల్ల జాగల కూసోబెడితే, మూలింటి పిల్ల వచ్చిందనే అనుకుంటరు. గా పిల్ల కందిచేన్ల ఎండుతున్నదని ఎవరికి ఎరుకైతది?"

"నీ సత్యం పాడుగాను! పిల్లల నోటికాడి రొట్టె పోతది గద బిడ్డా!"

అవ్వ మాట వింటే బాగుండునని నేను లోలోపల అల్లాను వేడుకున్నాను. ఆపా మాత్రం పన్నెండు చాపలూ పరిచింది. రాని ప్రతి పిల్ల చాపమీదా ఆ పిల్ల సగం కుట్టిన గుడ్డను సూదితో సహా పెట్టింది.

వికారాబాద్ మీదుగా రైల్లో వచ్చిన దొరసాని వసారా గడపలోనే ఆగిపోయింది. ఆపా ఒక్కో చాప దగ్గర నిలబడి ఆ పిల్ల ఎక్కడుందో చెప్పింది. ఒకతి చేనులో. ఒకతి గనిలో. ఒకతి మంచం పట్టిన తల్లి దగ్గర. పెద్దాయన ఆ మాటల్ని దొరసాని భాషలో చెబుతూ చెబుతూ గొంతు తగ్గించాడు. ఆమె ఒక చాప పక్కన నేలమీద కూర్చుని, ఆ గుడ్డను చాలాసేపు చేతుల్లో పట్టుకుంది. తరగతి నిలిచిందనుకున్నాను.

నిలవలేదు. నెల తిరగకముందే రొట్టె ఆగింది. దొరసాని ఏం చెప్పిందో, ఎవరు విన్నారో మాకు తెలియలేదు. నేను అమ్మ వెంట గనికి వెళ్లాను. అరచేతులు చీలి నెత్తురు కారుతుంటే, ఆపా ఒక్క అబద్ధం ఆడి ఉంటే ఏం పోయేదని ఏడ్చాను. ఆమె మీద కోపంతో వాళ్ల గుమ్మం వైపు చూడటం కూడా మానేశాను.

ఒక మధ్యాహ్నం ఆపా గనికే వచ్చింది. బురఖా నిండా రాతిదుమ్ము. రాళ్లకుప్ప నీడలో కూర్చుని, అక్కడ రాళ్లు మోస్తున్న తన తరగతి పిల్లల్ని పిలిచింది. మేస్త్రీ ఎగతాళి చేశాడు.

"ఏందమ్మా, ఈడ బడి పెడుతున్నవా?"

"పెట్టిన. నువ్వూ కూసో, నీకూ ఎక్కాలు రావు గద!"

అందరూ నవ్వారు, మేస్త్రీతో సహా. ఆపా మా ముఖాలు చూసి, మూలింటి పిల్ల ఏదని అడిగింది. చేనుకు పోయిందన్నాం. "అయితే రేపు చేనుకు పోత" అంది. రొట్టె తేలేదు. తెచ్చే దారి ఆమెకూ లేదు. ఆకలితోనే ఎక్కాలు అప్పజెప్పాం.

మిగతా లెక్కలు రాళ్ల కొలతలు చూసి నేనే నేర్చుకున్నాను. పెద్దయ్యాక అదే గనిలో కూలీల హాజరు చూసే పని నాకు దక్కింది. వచ్చినవాళ్ల లెక్క ఎంతోసేపు పట్టదు. రానివాళ్ల పేర్లు ఒక్కొక్కటిగా అడుగుతాను. ఎవరికీ జవాబు తెలియని పేరు ఉంటే, పొద్దుగూకకముందే ఆ ఇంటికి వెళ్లి తలుపు తడతాను.