పాతది తీసిపెట్టు

మొన్న ఆదివారం మా అమ్మాయి వంటింటి గట్టు మీదే లాప్‌టాప్ పెట్టుకుని తన కొత్త ప్రోగ్రాంకి రిపాజిటరీ ఏర్పాటు చేసుకుంటుంటే, మా రోజుల్లో ఆ మాట వినలేదు కాబట్టి, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ అదేమిటని అడిగాను. చేసిన ప్రతి మార్పునూ దాచిపెట్టే చోటట. "దీంట్ల ఏది తీసేసినా మల్ల దొరుకుతది అమ్మా," అని తేలిగ్గా చెప్పి తన పనిలో పడింది. నా చెయ్యి మాత్రం ఆగిపోయింది.

ఫ్లాపీల కాలం మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అప్పుడే నేను ఈ బాన్సువాడలోనే, బస్టాండు దగ్గరి కంప్యూటర్ సెంటరులో టైపు చేసే పనికి కుదిరాను. కుదిర్చింది అక్క భర్త, మా బావ. అక్కడ ప్రోగ్రాములు రాసేది ఆయనే. ఆ పని పోతే మళ్ళీ అమ్మ పక్కన కూర్చుని బీడీలు చుట్టే చాట పట్టుకోవడమేనని ఇంట్లో ముందే చెప్పి పంపారు. బావ అప్పట్లో బడిపిల్లల మార్కుల పత్రాలు అచ్చువేసే ప్రోగ్రాం రాస్తున్నారు. మా రిపాజిటరీ అంతా కలిపి రెండు ఫోల్డర్లు: చక్కగా నడిచేది 'పాతది', ఆయన ఇంకా కెలుకుతున్నది 'కొత్తది'.

ఒకరోజు ఆయన పెద్ద కొడప్‌గల్ బడికి వెళ్ళి, వాళ్ళకు చూపించడానికి నడిచే ప్రోగ్రాం కావాలని అక్కడి నుంచి ఫోన్ చేశారు. ఆయన అన్నది "పాతది తీసిపెట్టు" అని, అంటే ఫ్లాపీలోకి ఎక్కించి పక్కన ఉంచమని. బస్సు హారన్ల గోలలో నాకు వినబడింది "తీసెయ్" అని. కొత్తది పూర్తయింది కాబోలనుకున్నాను, మళ్ళీ అడగడానికి మొహమాటపడ్డాను, ఎంతో శ్రద్ధగా మొత్తం తీసేశాను.

సాయంత్రం బావ వచ్చి తెర చూసి, నా ముఖం చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చింది. అంతలో సెంటరు యజమాని వచ్చి ప్రోగ్రాం ఏదని అడిగారు. "నేనే తీసేసిన సారూ, సూస్కోలే. నాలుగు దినాలియ్యుండ్రి, మల్ల రాస్త," అన్నారు బావ. అందరి ముందూ ఆయన తిట్లు తింటుంటే నోరు విప్పే ధైర్యం లేక గుడ్లప్పగించి నిలబడ్డాను. ఆ నాలుగు రోజులూ ఆయన గుర్తు తెచ్చుకుని ఒక్కో వరుసా చెబుతుంటే, ఎందుకలా రాయాలో అడుగుతూ నేను టైపు కొట్టాను. నాకు ప్రోగ్రాం రాయడం వచ్చింది అలాగే. నా బతుకు నిలబడింది ఆ విద్య మీదే. బావ ఈ సంగతి అక్కకు కూడా చెప్పలేదు. చెప్పకుండానే పోయారు.

ఏ వరుస ఎవరు తీసేశారో పేరుతో సహా ఇప్పుడు రిపాజిటరీలో రాసి ఉంటుందని అమ్మాయి చూపించింది. మంచిదే, పోయిన పని కోసం ఎవరూ తిట్లు తినక్కర్లేదు. ఆ రోజు మాకూ అలాంటిది ఉంటే ప్రోగ్రాం దొరికేది, నా పేరూ దొరికేది. "నేనే తీసేసిన" అనడానికి మా బావకు చోటుండేది కాదు.