డీజిల్ తినే పురుగులు

మా ఆయన కువైట్‌ల ఏం పని చేసిండో, కోరుట్లల మా బోరు నీళ్ళు చెడిపోయినంకనే నాకు సమజైంది. ఫోన్ల అడిగితే "మట్టి తిరగేస్తున్న" అనేటోడు. తోటపని కావచ్చనుకున్న.

ఆయన తిరిగొచ్చిన ఏడాది వానకాలంల, మోటారు వెయ్యంగనే డీజిల్ వాసన. బకెట్ల నీళ్ళ మీద రంగురంగుల పొర. పక్కనున్న రైసుమిల్లు జనరేటర్ కోసం భూమిల పాతిన డీజిల్ డ్రమ్ము తుప్పు పట్టి కారుతున్నదట. మిల్లాయన "అయ్యో చెల్లె" అనుకుంట తెల్లారే డ్రమ్ము తీయించిండు.

"నేలల దిగిందాన్ని ఎట్ల తీస్తం?" అన్న.

"తీసుడెందుకు? పురుగులు తింటయి," అన్నడు మా ఆయన. ఎడారిల నూనె పడ్డ మట్టిని కుప్పలు పోసి, తడిపి, ఎరువేసి, గాలి తగిలేటట్టు మిషన్‌తోని తిరగేసుడే ఆయన పనట.

మా అత్త గయ్యిన లేచింది. "డీజిల్ చాలదని పురుగులు గూడ తాపుతవారా?"

మట్టి సంగతి తెలుసు గని నీళ్ళ సంగతి ఆయనకు గూడ తెల్వది. జగిత్యాల కాలేజీల మైక్రోబయాలజీ చెప్పే మేడంను అడిగినం. "కొత్త పురుగులేం పోయొద్దు. కండ్లకు కనబడయి గని అవి ఆడ్నే ఉన్నయి. గాలాడక డీలాపడ్డయి, గాలి పంపుండ్రి. అగ్గి మాత్రం దగ్గరికి రానీయకుండ్రి," అన్నది.

మా ఆయన పంక్చర్ షాపుల కాంచి పాత కంప్రెసర్ తెచ్చి, పైపు బోరుల దించి, రోజూ పొద్దుగాల గాలి కొట్టేటోడు. లోపల బుడబుడమనేది. "బోరుకు పంక్చరైందా?" అని వాడకట్టంత నవ్విండ్రు. డ్రమ్ము కాడి నల్లమట్టిల పెండ, యూరియా కలిపి ఇద్దరం పారలతోని తిరగేసినం. నా చేతులకు బొబ్బలొచ్చినయి. తాగేటందుకు క్యాన్ నీళ్ళే.

ఎండకాలానికి మట్టి మీద గడ్డి మొలిచింది. నీళ్ళు అంత జల్ది బాగుకాలేదు. మేడం సీసాలల్ల పట్టుకపోయి ల్యాబుకు పంపితే, రెండుసార్లు "ఇంకా ఉన్నది" అనే వచ్చింది. రెండో వానకాలం దాటినంక ఫోన్ చేసింది: "ఇగ తాగొచ్చు."

ముందు మా ఆయనే తాగిండు. అత్త గ్లాసు వాసన చూసి, "మరి పురుగులెటు వోయినయిరా?" అన్నది.

"తిండి అయిపోయిందమ్మా, చానా చచ్చిపోయినయి."

"పాపం," అనుకుంట గటగట తాగింది.

మొన్న సిరిసిల్ల కాంచి ఒక మెకానిక్ షెడ్డాయన వాళ్ళ బోరు చూడుమని పిలిచిండు. కంప్రెసర్ ఆటోల ఎక్కిచ్చినం. పార పట్టుకొని నేను గూడ పోయిన.