టిష్యూల మీది మూత

ఆర్డిస్ క్రాగ్నెస్ నార్త్ డకోటా మంచులో ఇరవై ఏడేళ్లు స్కూలు బస్సు నడిపింది. రిటైరై పదేళ్లయినా ఆ అలవాటు పోలేదు. పొద్దున్నే కాఫీ కంటే ముందు బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేస్తుంది. టైర్లు తన్ని చూస్తుంది, దీపాలు వెలిగించి చూస్తుంది, కింద ఆయిలు చుక్కలు పడ్డాయేమోనని వంగి చూస్తుంది. ఎడారి ఎలుకలు లోపల గూడు కట్టి వైర్లు కొరక్కుండా రాత్రంతా ఎత్తి ఉంచిన బానెట్‌ని ఆఖర్న దించుతుంది. 'ఏ దేవతకే ఈ ప్రదక్షిణాలు?' అని మొగుడు డెల్మర్ రోజూ అడుగుతాడు. 'నీకు తిండి పెట్టే దేవతకి' అని ఆవిడ రోజూ అంటుంది.

ఆ దేవత పేరు హిల్డా. వయసు ముప్పై ఎనిమిదేళ్లు. ముందు ఇంజను, వెనక వంటిల్లు, మంచం, అరచేతంత స్నానాలగది. చలికాలం రాగానే మొగుడూ పెళ్లాలిద్దరూ దాన్లో అరిజోనా ఎడారికి దిగి, క్వార్ట్‌సైట్ దగ్గరి ముళ్లపొదల మధ్య అయిదారు నెలలుండి, ఏప్రిల్ పదిహేను లోపల ఉత్తరానికి ఎక్కుతారు. ఆ తారీఖు దాటితే అక్కడ ఎవరినీ ఉండనివ్వరు.

డెల్మర్ ట్రాక్టర్లు బాగుచేసి బతికినవాడు. రెండేళ్లుగా అతని చూపు మధ్యలో మసకబారిపోయింది. అంచులు కనిపిస్తాయి గానీ ఎదుటి మనిషి మొహం కనిపించదు. అయితే హిల్డాలో మాత్రం డెల్మర్ గుడ్డివాడు కాడు. ఏ స్విచ్చు ఎక్కడుందో, ఏ అరలో ఏ స్పానరుందో, స్టవ్వు మీద కెటిల్ ఎక్కడుంటుందో అన్నీ అతని చేతికి తెలుసు. కిందటి వేసవిలో ఫార్గోలో అతని చెల్లెలింట్లో వారం రోజులుంటే పాపం సోఫాలోంచి లేవలేదు. మంచినీళ్లు కావాలన్నా ఎవరినో ఒకరిని పిలవాల్సి వచ్చింది. ఆ వారం ఆర్డిస్ మరిచిపోలేదు.

అందుకే జనవరిలో హిల్డా మొండికేసినప్పుడు ఆవిడకి ముందు ఆ సోఫాయే గుర్తొచ్చింది. డెల్మర్‌ని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటే మ్యూల్ గ్రేడ్ అనే ఎత్తు సగం ఎక్కాక ఇంజను దగ్గి, నీరసించి, ఆగిపోయింది. గంట సేపు రోడ్డు పక్కన కూర్చున్నాక ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టయింది. ఏప్రిల్ లోపల అలా నాలుగుసార్లు జరిగింది. నీళ్లకో సరుకులకో దగ్గర్లోకి వెళితే పెళ్లికూతురిలా బుద్ధిగా నడిచేది. ఆ ఎత్తు మీదే పేచీ. ఇంటికి పోవాలంటే ఉన్న దారి అదొక్కటే.

'పదిహేనుకి గట్టు దాటకపోతే హిల్డాని విప్పి విడిభాగాలు అమ్ముకునేవాడికి ఇచ్చేద్దాం. ఫార్గో పోదాం' అన్నాడు డెల్మర్. చాలా మామూలుగా అన్నాడు. ఆ మామూలుతనమే ఆవిడకి నచ్చలేదు.

ఆ మైదానంలో సాయంత్రం నాలుగింటికి ఎవరి కుర్చీ వాళ్లు, ఎవరి కప్పు వాళ్లు తెచ్చుకుని గుండ్రంగా కూర్చోవడం ఆనవాయితీ. ఎవరి బండికి జబ్బు చేసినా వైద్యం అక్కడే. ఆ వైద్యులకి పెద్ద బ్యూయెల్ ట్రిప్లెట్. ఒరెగాన్‌లో కలపలారీ తోలినవాడు, మనసు వెన్న, నోరు నగారా.

'ఇది ఆవిరి జబ్బు! వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోతోంది. కొయ్య క్లిప్పులు పెట్టు' అన్నాడు బ్యూయెల్.

బట్టలారేసుకునే కొయ్య క్లిప్పుల్ని పెట్రోలు గొట్టానికి వరసగా తగిలించడం ఆ పాతబండ్ల వాళ్ల నాటువైద్యం. కొయ్య వేడిని ఆపుతుందట. పన్నెండు క్లిప్పులు తగిలించారు. హిల్డా ఆగిపోయింది. పెట్రోలు పంపు మార్చారు. ఆగిపోయింది. ఫిల్టరు మార్చారు. ఆగిపోయింది.

'జనవరి చలిలో కూడా ఆగింది కదా బ్యూయెల్, అప్పుడు ఆవిరెక్కడిది?' అని అడిగింది ఆర్డిస్.

'నువ్వు బస్సు నడిపావు, నేను ఇంజన్లు విప్పాను' అన్నాడు బ్యూయెల్. 'ఇంకో పన్నెండు క్లిప్పులు తగిలించు తల్లీ!'

'అయితే నా గుడ్డలు నీ మెడకి ఆరేసుకోనా?'

అందరూ నవ్వారు. డెల్మర్ మాత్రం నవ్వలేదు. ఒకప్పుడైతే ఆ గుంపులో ఆఖరి మాట అతనిదే. ఇప్పుడు గొంతులు వచ్చిన వైపు తల తిప్పుతూ ఊరికే కూర్చున్నాడు.

ఏప్రిల్ పదకొండున ఆఖరి ప్రయత్నంగా ఇద్దరూ మళ్లీ గట్టెక్కారు. సరిగ్గా పాతచోటే హిల్డా దగ్గి ఆగింది. ఆర్డిస్ స్టీరింగు మీద తల ఆనించింది. ఏడుపొచ్చింది. మొగుడికి కనబడదు కదా అని కాసేపు ఏడ్చింది.

'ముక్కు చీదుకో. బండి సంగతి చూద్దాం' అన్నాడు డెల్మర్. 'అసలు పెట్రోలుందా?'

ట్యాంకులో ఎంతుందో చూపించే ముల్లు ఆ శీతాకాలమంతా ఖాళీ మీదే పడి ఉంది. దాన్ని నమ్మడం ఎప్పుడో మానేశారు. ఆవిడ డబ్బాలో పెట్రోలు తెచ్చింది. డెల్మర్ గరాటు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. ట్యాంకు మూతలో తాళంచెవి పెట్టి తిప్పింది.

స్‌స్‌స్‌... అంది మూత.

ఆర్డిస్ చెయ్యి ఆగిపోయింది. ఆ చప్పుడు ఆవిడ ఎరిగిందే. ఏటా ఆగస్టులో నలభై సీసాల బీట్‌రూట్ పచ్చడి పెట్టే మనిషి. గాలి చొరకుండా బిగుసుకున్న సీసా మూతని చలికాలంలో తెరిస్తే ఇదే చప్పుడు.

'డెల్, విన్నావా?'

'విన్నా. గాలి బయటికి రాలేదు. లోపలికి పోయింది.'

ఆవిడ డబ్బా ఎత్తబోయింది. డెల్మర్ ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. 'పొయ్యకు. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. మూత తీశావు, చాలు. ముందు స్టార్ట్ చెయ్.'

తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. ఎప్పుడూ గంట పట్టేది ఈసారి నిమిషం కూడా పట్టలేదు.

సంబరపడి ముందుకు పోబోతే డెల్మర్ ఒప్పుకోలేదు. 'అదృష్టం వేరు, రుజువు వేరు' అన్నాడు. మూత బిగించి మైదానం దాకా వెనక్కి పోయారు. అక్కడ ఒకసారి మూత తెరిచి మూసి మళ్లీ ఎక్కారు. పాతచోటే ఆగింది. కిందికి దిగి, మూత వదులు చేసి ఎక్కారు. పైదాకా ఆగకుండా పోయింది. పెట్రోలు పోతున్న కొద్దీ ఆ మేర గాలి లోపలికి రావాలి. ఈ మూత దాన్ని రానివ్వడంలేదు; పెట్రోలు ఎక్కువ తాగే ఎత్తు మీద ఆ లోటు బయటపడుతోంది, గంటాగితే ఎక్కడో సందులోంచి కాస్త గాలి చేరుతోంది. ఊపిరాడక ఆగిపోతున్న ముసలిదానికి కొయ్య క్లిప్పులు పెట్టారు మన మహావైద్యులు. పుండొకచోట, మందొకచోట.

ఇంతకీ ఆ మూత ఎక్కడిది? క్రిస్మస్‌కి ఆ మైదానంలో పేరు రాయని పొట్లాలు మార్చుకుంటారు. ఎవరి చేతికి ఏది వస్తే అది వాళ్లది. ఆ డిసెంబరులో రెండు బండ్లలోంచి ఎవరో పెట్రోలు తోడేశారు. అంచేత ఆర్డిస్ పొట్లంలో మెరిసిపోయే తాళం మూత వస్తే అందరూ ఆవిడ అదృష్టానికి చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రం నాలుగింటికి కుర్చీలు గుండ్రంగా పడ్డాయి. మధ్యలో మడతబల్ల, దాని మీద దాల్చినచెక్క రొట్టె, గాలికి ఎగరకుండా బరువు పెట్టిన టిష్యూ కాగితాల దొంతర.

'ఏమైంది, ఎక్కిందా?' అన్నాడు బ్యూయెల్.

ఆర్డిస్ వెళ్లి టిష్యూల మీది బరువు తీసింది. క్రిస్మస్‌నాడు ట్యాంకు మీంచి తీసేసిన, తుప్పురంగు తిరిగిన హిల్డా పాత మూత అది. దాని నడుమ గాలి లోపలికి పీల్చుకునే సూదిమొనంత కన్నం ఉంది. మూడు నెలలుగా వైద్యులందరూ దాని కిందినుంచే టిష్యూలు లాక్కుని మూతులు తుడుచుకుంటూ, హిల్డాకి ఏం జబ్బో అని తలలు బద్దలు కొట్టుకున్నారు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

టిష్యూలు ఎగిరి పొదల్లో పడ్డాయి. ఎవరూ లేవలేదు. బ్యూయెల్ మొహం ఎర్రబడింది.

'ఆ తాళం మూత నేనే పెట్టాను పొట్లంలో' అన్నాడు మెల్లిగా. 'ఎవడూ మీ పెట్రోలు దొంగిలించకూడదని.'

'దొంగిలించలేదుగా!' అన్నాడు డెల్మర్. 'దొంగలకే కాదు, ఇంజనుకి కూడా దొరకలేదు.'

అందరికంటే గట్టిగా బ్యూయెలే నవ్వాడు. కుర్చీలన్నీ డెల్మర్ వైపు తిరిగాయి. ఆ రుజువెలా చేశాడో రెండుసార్లు చెప్పించుకున్నారు.

మర్నాడు డెల్మర్ ఎవరూ అడగకుండానే హిల్డా కింద వెల్లకిలా పడుకున్నాడు. ట్యాంకు పక్కన ముల్లు తాలూకు ఎర్త్ వైరు చివర వేలికి గరుకుగా తగిలింది. తుప్పు. విప్పి, గరుకుకాగితంతో రుద్ది, బిగించాడు. 'ఇప్పుడు చూడు!' అని కిందనుంచి అరిచాడు. నవంబరునుంచి పడుకున్న ముల్లు లేచి ముప్పావు మీద నిలబడింది.

'ముప్పావు!' అని అరిచింది ఆర్డిస్.

'అబద్ధమాడకు!'

'నీ మీదొట్టు!'

పద్నాలుగున ట్యాంకుకి పాత మూతే బిగించి బయల్దేరారు. పన్నెండు క్లిప్పులూ ఆర్డిస్ గొట్టం మీంచి తీసి తీగ మీద బట్టలకి వాడేసింది, ఆరిన బట్టలు ఇప్పుడు బీరువాలో ఉన్నాయి. మ్యూల్ గ్రేడ్ మొదలైంది. హిల్డా రొప్పుతూ ఎక్కుతోంది. పాతచోటు వచ్చింది. ఆవిడ యాక్సిలరేటరు మీంచి కాలు తియ్యలేదు. అతను కళ్లు మూసుకుని వింటున్నాడు. తర్వాత ఇంజను మోత తేలికపడింది.

'పైకొచ్చేశాం' అన్నాడు డెల్మర్, ఆవిడ చెప్పకముందే. కళ్లు తుడుచుకుని అడిగాడు: 'ముల్లు ఎక్కడుంది?'

'సగం మీద.'

'మరి మోత వినబడదేం, ఆపావా? పోనియ్.'

'ఆపలేదురా ముసలాడా, దిగుతున్నాం' అంది ఆర్డిస్.

అతను లేచి, ఏమీ తడుముకోకుండా, నడుస్తున్న ఇంట్లో వెనక్కి వెళ్లి ఇద్దరికీ కాఫీ పోసుకొచ్చాడు.