ఆ మట్టి ఎక్కడ పోశారండీ

కొల్లేటి ఒడ్డున మూతపడిన రసాయనాల ఫ్యాక్టరీని పడగొట్టే పని చూసేందుకు ఊరివాళ్లతో ఒక కమిటీ వేశారు. మా తాతగారి పేరు చూసి నన్నూ పిలిచి ముందు వరసలో కుర్చీ వేశారు.

చేపలు పట్టే ఒక పెద్దాయన మాత్రం గుమ్మం దగ్గరే నిలబడేవారు. ఫ్యాక్టరీ పక్క కాలవలోనే ఆయన వలలు. ప్రతి మీటింగులో ఒకటే ప్రశ్న.

“లోపల తవ్విన మట్టి ఎక్కడ పోశారండీ?”

“రిపోర్టులో ఉంటుందండీ,” అనేవారు ఆఫీసరు.

“అంత మట్టి రిపోర్టులో పట్టదు కదండీ.”

హాజరు పుస్తకం వస్తే ఆ పెద్దాయన చేతులు వెనక్కి కట్టుకునేవారు. “జవాబు చెప్పాక పెడతానండీ సంతకం.” నాకది మొండితనంగా తోచేది. మొదటి సంతకం మా ఇంటిదే అన్న అలవాటుతో నేనే ముందు పెట్టేవాణ్ణి.

“మీరడిగితే చెప్తారు బాబుగారూ,” అన్నారొకసారి నాతో. పదిమందిలో లేచి అడగడం నాకు నామోషీ అనిపించింది.

మొన్న ఏలూరు ఆఫీసులో ఆఖరి రిపోర్టు చూశాను. మట్టి ఊసే లేదు. మేము పెట్టిన హాజరు సంతకాలనే గ్రామస్తుల అంగీకారంగా జతచేశారు. మొదటిది నాది. ఆయన అసలు మీటింగులకే రానట్టు ఉంది.