నాగారంలో ఉన్న మరియమ్మ

2007 వేసవిలో నేను విశ్వవిద్యాలయ మనస్తత్వశాస్త్ర విభాగంలో రీడర్‌ని. నాచారం పారిశ్రామికవాడలో ఒక బిస్కెట్ ఫ్యాక్టరీ మూతపడితే, పని పోయిన ఆడవాళ్ల మానసిక ఒత్తిడిపై అధ్యయనం నాకు అప్పగించారు. కష్టంలో మనిషికి దొరికే అండను మా శాస్త్రంలో 'సామాజిక మద్దతు' అంటాం. అది ఉన్నవాళ్లలో ఒత్తిడి తక్కువగా ఉంటుందని మా అంచనా. కొన్ని నెలల తేడాతో రెండు విడతలుగా ఇళ్లకు వెళ్లి అడగాలి.

ఆ ఆడవాళ్లలో ఒకరైన అనసూయ జనగామ వైపు నుంచి వచ్చి ఉప్పల్‌లో ఉండేది. భర్త, అత్త, ఆడబిడ్డ ఆమెను బాగా చూసుకునేవారు. మా కొలమానం ప్రకారం మద్దతుకు కొదవ లేదు. అయినా నిద్ర పట్టదు, అన్నం సయించదు. కారణం అడిగాను.

"ఇంట్ల అందరు మంచోల్లే మేడం. మరియక్క లేదు గద" అంది.

మరియమ్మ ప్యాకింగ్‌లో ఆమె పక్కన పనిచేసిన మనిషి. ఒకరి గిన్నెలోది ఒకరు తినేవారు. ఫ్యాక్టరీ మూశాక మరియమ్మ నాచారంలో గది ఖాళీ చేసి వెళ్లిపోయింది.

"మీరు అందరిండ్లకు పోతున్నరు గద. యాడున్నదో జర చెప్పున్రి" అని అనసూయ నా చేయి పట్టుకుంది.

నాకు తెలుసు. అంతకుముందే నాగారంలో మరియమ్మతో మాట్లాడి వచ్చాను. కానీ ఒకరి వివరాలు మరొకరికి చెప్పకూడదన్నది మా వృత్తిలో దాటరాని నియమం. చెప్పలేనన్నాను. ఆమె చేయి తీసేసింది. ఎప్పుడైనా కలిస్తే మీరు అడిగారని చెప్పనా అంటే మాత్రం తలూపింది.

మా ప్రొఫెసర్ అనుమతి తీసుకుని మళ్లీ నాగారం వెళ్లాను. అనసూయ పేరు వినగానే మరియమ్మ, "బువ్వ తింటున్నదా?" అని అడిగింది. చిరునామా ఇవ్వమంటారా అన్నాను.

"వద్దు మేడం. ఇండ్లల్ల బాసన్లు తోముతున్న. నన్ను గిట్ల సూస్తే అది తట్టుకోదు. మంచి పని దొరకనీ, నేనే పోత. మంచిగున్న అని చెప్పున్రి, సాలు."

అనసూయకు అంతవరకే చెప్పాను.

"నన్నడిగిందా?" అంది అనసూయ.

బువ్వ తింటున్నావా అని అడిగిందన్నాను. నవ్వబోయి ఏడ్చేసింది. ఎక్కడుందని మళ్లీ అడగలేదు.

రెండో విడతకు వెళ్లేసరికి మరియమ్మ నాగారంలో లేదు. ఎక్కడికి వెళ్లిందో ఇల్లు అద్దెకిచ్చినవాళ్లకూ తెలియదు. అనసూయ మాత్రం ఎదురుచూస్తూనే ఉంది. "పని దొరికుంటది, తీరిక లేదేమో" అంది. నేను జోక్యం చేసుకున్నందువల్ల నిబంధన ప్రకారం ఇద్దరి జవాబులనూ విశ్లేషణ నుంచి తీసేశాం.

పదవీ విరమణ దాకా నేను చేసిన ప్రతి అధ్యయనంలో 'మీకు ఎవరున్నారు?' అన్న ప్రశ్న తర్వాత 'ఎవరు లేని లోటుంది?' అని కూడా అడిగాను. ఉన్న అండను మాత్రమే కొలిస్తే మనిషి ఒత్తిడి సగమే తెలుస్తుంది. దూరమైన ఒక్క మనిషి లోటు, దగ్గరున్న పదిమందితో తీరదు.