ఎలీషా కుక్కలకు కట్టిన అద్దాల కొలను

ఎలీషా ముప్పై రెండేళ్ళు చీమకుర్తిలో రాళ్ళకు పాలిష్ పట్టాడు. ఎంత నునుపుగా పట్టేవాడంటే, ఆయన పలక మీద వాలిన ఈగ జారిపడి, నడుం పట్టేసి, మళ్ళీ ఎగరడానికి రెండు రోజులు పట్టేదట. ఓసారి పాలిష్ యూనిట్ ఓనరు కొత్త పలక ముందు నిలబడి, అందులో కనబడ్డ పెద్దమనిషికి నమస్కారం పెట్టి, "కూర్చోండి, టీ చెబుతాను" అన్నాడని కూడా చెప్పుకుంటారు. చెప్పుకునేది ఎలీషా ఒక్కడే అనుకోండి. అయినా కాదనడానికి మనమెవరం?

అరవై దాటి, మోకాళ్ళు ఇక నిలబడలేమని మొరాయించాక, ఆయన అద్దంకి దగ్గరున్న సొంత ఊరికి వచ్చేశాడు. వస్తూ వస్తూ గోనెసంచిలో పాలిష్ సామాను, ఆటోలో మూడు కుక్కలు తెచ్చుకున్నాడు. యూనిట్ గేటు దగ్గర పుట్టి, ఆయన టిఫిను డబ్బాలో సగం తిని పెరిగినవి అవి. నల్లటి ఒంటి మీద పసుపు చుక్కలున్న దాని పేరు గెలాక్సీ. చీమకుర్తి గనుల్లో దొరికే బంగారు చుక్కల నల్లరాయిని అదే పేరుతో పిలుస్తారు. బూడిద రంగుది గ్రే. తోక సగమే ఉన్నది ముక్క.

భార్య ప్రేమమ్మ ఆటోలోకి తొంగి చూసింది. "అందరూ రిటైరై శాలువా కప్పుకుని వస్తారు. నువ్వు బొచ్చు కప్పుకుని వచ్చావేందయ్యా?" అంది. అన్న మూడో రోజుకే ముక్కకి పెరుగన్నం కలిపి పెట్టింది.

ఇక ఈ ఏటి ఎండ సంగతి. కల్లంలో ఆరబోసిన మిరపకాయలు వాటంతటవే వేగిపోయి, ఊరు ఊరంతా రెండు రోజులు తుమ్మింది. నల్లరేగడి నేల ఎట్లా పగిలిందంటే, ప్రేమమ్మ దొడ్లో పగుల్లో పడిన గరిటె వారం తర్వాత పక్కింటి వీరమ్మ దొడ్లో బయటపడింది. సాగర్ కాలవలో చుక్క లేదు. మనుషులు కూలర్ల ముందు కూలబడ్డారు. కుక్కలకు మాత్రం ఊరంతా వెతికితే చల్లటి చోటు ఒక్కటే దొరికింది: చర్చి ఆవరణలో బాప్తిస్మాలిచ్చే సిమెంటు తొట్టి.

ఈస్టరు తర్వాతి ఆదివారం ఆరుగురు తెల్లబట్టలు కట్టుకుని తొట్టి దగ్గర వరసగా నిలబడ్డారు. పాస్టరు గారు ప్రార్థన ముగించి, తొట్టి మీద కప్పిన టార్పాలిన్ లాగారు. లోపల మెడలోతు నీళ్ళలో మూడు తలకాయలు. గ్రే కళ్ళు మూసుకుని ఉంది. ముక్క ఆవలించింది. గెలాక్సీ మర్యాద తెలిసింది కాబట్టి లేచి నిలబడి, ఒళ్ళు దులిపింది. ఆ నీళ్ళు పాస్టరు గారి తెల్ల చొక్కా మీదా, ముందు వరసలో ఉన్న సంఘపెద్ద యేసుపాదం మాస్టారి కళ్ళద్దాల మీదా సమానంగా పడ్డాయి.

యేసుపాదం మాస్టారు హెడ్మాస్టరుగా రిటైరై పదేళ్ళయినా, ఇప్పటికీ ఎవరైనా ఆయన్ని చూస్తే చేతులు కట్టుకుంటారు. ఆరాధన అయ్యాక ఆయన ఎలీషాని పక్కకి పిలిచారు.

"మళ్ళీ బాప్తిస్మాలు మే నెల ఆఖరి ఆదివారం. ఆ రోజు నీ కుక్కల కాలు ఇక్కడ పడిందా, మర్నాడే వాటిని నూజివీడు పంపించేస్తాను. మా బావమరిది ఆదాం మామిడితోటకి కాపలా కుక్కలు కావాలని ప్రాణం తీస్తున్నాడు."

"కట్టేస్తానండి మాస్టారూ."

"కట్టేస్తే ఎట్లా ఏడుస్తాయో క్రిస్మస్ నాడు విన్నాం కదా! పాస్టరు గారు ఏం ప్రసంగించారో ఆయనకి తప్ప ఎవరికీ తెలీదు. కట్టకూడదు, అవి రాకూడదు. అంతే."

ఎలీషా ఇంటికొచ్చి కుక్కల వంక చూశాడు. ఇవి కాపలా కాసే మొహాలా? దొంగ వస్తే గోతం నోరు తెరిచి పట్టుకునే రకం. ఆదాం వీటికి పెరుగన్నం పెడతాడా? ముక్కకి ఉరుమంటే భయమని నూజివీడులో ఎవరికి తెలుసు? ఆ పూట అన్నం సహించక ముద్ద పక్కన పెడితే, ముక్కే తినేసింది.

సాయంత్రానికల్లా ఆయన ఒక నిశ్చయానికొచ్చాడు. దొడ్లో కుక్కలకి సొంత కొలను. చర్చి తొట్టిని తలదన్నేది. పాత క్యాలెండరు వెనక బొమ్మ గీశాడు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఒక పక్క లోతు, రెండో పక్క ముక్క దిగడానికి వాలు. లోతు తేల్చడానికి టేపు పట్టుకుని గ్రే ఛాతీ కొలవబోతే, అది చక్కిలిగింతలు పెడుతున్నాడనుకుని వెల్లకిలా పడుకుంది.

"ఒక కుడితి తొట్టి తెచ్చి నీళ్ళు పోస్తే పోయేదానికి, ఈ ప్లానులేందయ్యా?" అంది ప్రేమమ్మ.

"కుడితి తొట్టా? ముప్పై రెండేళ్ళు పాలిష్ పట్టినోడి కుక్కలే ఇవి!"

"అయితే వాటిక్కూడా పాలిష్ పట్టు."

ఎలీషా ఆ మాట పట్టించుకోలేదు. తను పాలిష్ పట్టిన పలకలు ఏయే దేశాల హోటళ్ళలోనో పరుచుకున్నాయి. సొంతింట్లో మాత్రం గుమ్మం ముందు కూడా ఒక్క పలక లేదు. ఈ ఇంట్లో మొదటి గ్రానైటు కుక్కల కొలనుకే వెయ్యాలని ఆయనకి ఎందుకో గట్టిగా అనిపించింది.

తవ్వకం నాలుగు రోజుల పని. పది రోజులు పట్టింది. ముందురోజు నీళ్ళు పోసి నానబెట్టినా నల్లరేగడిలో పలుగు దిగేది కాదు. పైగా ఆయన పొద్దున తవ్విపోసిన మట్టిని మూడు కుక్కలూ, యజమాని ఏదో పొరపాటు చేశాడని, మధ్యాహ్నం కల్లా వెనక్కి నెట్టేసేవి.

పాత స్నేహితుడు మొహిద్దీన్ బాషా చీమకుర్తి నుంచి లారీలో పలకలు తెచ్చి దించాడు.

"ఒరేయ్ ఎలీషా! ఇటలీ పోవాల్సిన సరుకురా ఇది. మూలలు విరిగాయని పక్కన పడేశారు."

"కుక్కలకని చెప్పావా?"

"సిగ్గులేదా నాకు? నీకు స్విమ్మింగ్ పూలని చెప్పా. అందరూ నీ మోకాళ్ళకి మంచిదే అన్నారు."

పలకల్ని సిమెంటుతో అతికించి, ఎలీషా పాలిష్ సామాను బయటికి తీశాడు. అవి అప్పటికే మెరుస్తున్నాయి. అయినా రెండు వారాలు మోకాళ్ళ కింద గోనెపట్టా వేసుకుని, చేత్తో రుద్దాడు. ఆఖరికి ఆ గుంటలోకి తొంగి చూస్తే తన ముక్కులో వెంట్రుకలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా కనబడ్డాయి. ఎలీషా లెక్కపెట్టుకున్నాడు కూడా.

నీళ్ళు నింపింది బాప్తిస్మాలకి ముందు శనివారం. వీధంతా చూడ్డానికి వచ్చింది.

గెలాక్సీ హుందాగా గట్టు దాకా నడిచి, కిందికి చూసింది. కొలనులోంచి ఒక నల్లకుక్క పైకి చూసింది. గెలాక్సీ పళ్ళు చూపించింది. లోపలిదీ చూపించింది. ఒకదాన్ని మించి ఒకటి అరగంట సేపు తిట్టుకున్నాయి. గ్రే వచ్చి చూసేసరికి, లోపల దాని చుట్టాలు కూడా దిగి ఉన్నాయి. ముక్క ఈ గొడవలేవీ పట్టకుండా వాలు మీద కాలు పెట్టింది. అంతే, సర్రున ఈ చివర నుంచి ఆ చివరకి జారిపోయి, ఎక్కబోయి మళ్ళీ జారి, ఎక్కబోయి మళ్ళీ జారి, ఎలీషా మెడ పట్టి పైకి తీసేదాకా అడ్డంగా తిరుగుతూనే ఉంది.

పన్నెండు దాటేసరికి రెండో సంగతి బయటపడింది. నల్లరాయి, నడినెత్తిన ఎండ. నీళ్ళలో వేలు పెట్టిన వీరమ్మ చటుక్కున తీసి నోట్లో పెట్టుకుంది.

"ఎలీషా, ఇంత చింతపండు పడేస్తే ఊరందరికీ చారొస్తుందిరా."

జనం విరగబడి నవ్వారు. నవ్వు ఆగి చూస్తే కుక్కలు లేవు. చర్చిలో తొట్టికి నీళ్ళు పట్టే వేళ అది! ఎలీషా మోకాళ్ళ మాట మరిచి పరుగెత్తాడు. మూడూ చర్చి గేటు ముందు వరసగా కూర్చుని, లోపల పడుతున్న పంపు చప్పుడు భక్తిగా వింటున్నాయి. మెడకి తువ్వాలు వేసి ఒకదాన్నీ, బతిమాలి రెండింటినీ ఇంటికి తెచ్చి, వరండాలో కూలబడ్డాడు.

"అయిపోయింది ప్రేమా. రేపీపాటికి మాస్టారు నూజివీడుకి ఫోను చేస్తారు."

ప్రేమమ్మ గోడవతలికి కేకేసింది. "వీరమ్మక్కా! నీ ఉలి ఇంకా ఉందా?"

వీరమ్మది కక్కు కొట్టే పని. రోళ్ళూ తిరగళ్ళూ వాడి వాడి నున్నబడితే, ఉలితో సన్నటి గంట్లు పెట్టి మళ్ళీ గరుకు చేస్తుంది. మిక్సీలొచ్చాక ఆ పని పిలిచేవాళ్ళు లేరు. ఉలి మాత్రం చూరులోనే ఉంది.

విషయం అర్థమై ఎలీషా కొలనుకి అడ్డంగా నిలబడ్డాడు. "నా పాలిష్ మీద ఉలి పెడతారా? మీకు చేతులెట్లా వస్తాయే?"

"నీ పాలిష్ నీ మొహం చూసుకోడానికయ్యా. వాటికి గోళ్ళు పట్టాలి. ఏది కావాలో చెప్పు, మొహమా, కుక్కలా?" అంది ప్రేమమ్మ.

ఎలీషా కొలనులోకి చూశాడు. అందులో ఒక ముసలాయన ఏడుపు మొహం పెట్టుకుని కనబడ్డాడు. చూడ్డానికి అదేమంత గొప్పగా లేదు. నీళ్ళు తోడేసి, గోనెపట్టా పరిచి, సుత్తి తనే అందుకున్నాడు.

మొదటి దెబ్బకి కళ్ళు మూసుకున్నాడు. పదో దెబ్బకి తెరిచాడు. గంటు పడిన చోటల్లా రాయి నలుపు పోయి బూడిదరంగుకి తిరిగింది. "చూశావా, ఇక ఎండని కూడా అంతగా తాగదు," అంది వీరమ్మ. ఆమె ఉలి టకటకా వాన చినుకుల్లా పడుతుంటే, ఎలీషాది పెళ్ళివారి డోలులా ఆగి ఆగి పడింది. పొద్దు వాలేలోగా చివరి మూల దాకా వచ్చారు.

"అక్కా, అక్కడ ఒక జానెడు పాలిష్ వదిలెయ్."

"ఎందుకురా?"

"ఊరికే."

వీరమ్మ ఆయన వంక చూసి, ఉలి పక్కకి జరిపింది. ఈలోగా ప్రేమమ్మ నాలుగు గుంజలు పాతి, పైన తాటాకులు కప్పింది. రాత్రికి మళ్ళీ నీళ్ళు నింపారు.

ఆదివారం చర్చిలో ఎలీషా కిటికీ పక్కన కూర్చున్నాడు. పాస్టరు గారు ఏం చెప్పారో ఒక్క మాటా తలకెక్కలేదు. బాప్తిస్మానికి ఎనిమిది మంది. ఒక్కొక్కరు మునిగిన ప్రతిసారీ ఎలీషా గేటు వంక చూశాడు. ఎనిమిదో మనిషి లేచాక నీళ్ళలో మరెవరూ లేరు. ఎలీషా "ఆమెన్" అని అరిచాడు, ప్రార్థన ఇంకా మొదలుపెట్టకముందే.

యేసుపాదం మాస్టారు చెప్పులేసుకుంటూ, "పద, కళ్ళతో చూడాలి," అన్నారు. "ఇక్కడికి రాకపోవచ్చు. ఇంకెవరింటి డ్రమ్ములో పడుకున్నా నూజివీడే."

దారి పొడుగునా ఎలీషా ప్రతి ఇంటి డ్రమ్ములోకీ తొంగి చూస్తూ నడిచాడు. ఒకావిడ దొంగనుకుని చీపురు తీసింది.

దొడ్లో తాటాకు నీడ కింద చప్పుడు లేదు. నీళ్ళ మీద మూడు ముక్కులు తేలుతున్నాయి. గట్టు మీద వీరమ్మ కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని, గోడకానుకుని నిద్రపోతోంది. ఎలీషా ముక్కులు ఒకసారి లెక్కపెట్టి, నమ్మకం చాలక మళ్ళీ లెక్కపెట్టాడు. మూడే.

మాస్టారు మొహాన చెమట కారుతోంది. గుంటనీ, కుక్కల్నీ, రోడ్డు మీది ఎండనీ చూశారు. మెల్లగా చెప్పులు విప్పి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచారు.

"గ్రే, జరుగు," అన్నారు తరగతిలో అన్నట్టే. అది జరగలేదు.

"దానికి బడి అలవాటు లేదండి," అన్నాడు ఎలీషా.

మాస్టారు ఉన్న చోటులోనే ఒక కాలు దింపారు. తర్వాత రెండోది. "అబ్బా" అన్నారు. ఆ తర్వాత జేబులోంచి ఫోను తీసి, గట్టిగా మాట్లాడారు.

"ఏరా ఆదాం! ఆ కుక్కల మాట మరిచిపో... లేక కాదురా, ఉన్నాయి. వాటికి తీరిక లేదు."