మేనేజరమ్మ పరగడుపు

టైలరక్క కత్తెర గీత తప్పడం ఆ వీధిలో ఎవరూ చూడలేదు. మాట తప్పడమూ చూడలేదు. అలాంటి మనిషి ఒక కుక్క దగ్గర ఓడిపోయింది.

కుక్క పేరు మేనేజరమ్మ. పొద్దున్నే ప్రతి కొట్టు ముందూ కాసేపు కూర్చుని, షట్టరు సరిగ్గా ఎత్తారా, మెట్లు ఊడ్చారా అని చూసి గానీ ముందుకు కదలదు. అందుకే బేకరీ బాబాయి ఆ పేరు పెట్టాడు. తనిఖీకి వచ్చిన అధికారిని వట్టి చేతులతో పంపుతామా? ఎవరికి తోచింది వాళ్లు పెట్టేవాళ్లు. పడక మాత్రం అక్క కుట్టుమిషను కింద, గుడ్డపీలికల కుప్పలో.

అక్కడే ఒకరోజు దాని పొట్ట నిమురుతుంటే అక్క వేళ్లకు గడ్డ తగిలింది. పెద్ద పశువుల ఆసుపత్రి మెట్లెక్కి, వాళ్లడిగిన డబ్బెంతో విని, నోరు మూసుకుని దిగొచ్చింది. ఇక మిగిలింది నెలకోసారి కమ్యూనిటీ హాలు ముందు ఆగే ఉచిత పశువైద్య వ్యాను.

"గడ్డ చిన్నదే. తీసేస్తే బతుకుతుంది" అంది వ్యాను డాక్టరమ్మ. "వచ్చే క్యాంపుకి పరగడుపున తీసుకురండి. ముందురోజు రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దు. మత్తులో వాంతి చేసుకుంటే ఊపిరాడక పోతుంది."

"మీ దగ్గరే ఉంచుకోరాదామ్మా? మా వీధిలో దీన్ని పస్తుంచడం కష్టం."

"ఎక్కడ ఉంచనక్కా? మా ఆసుపత్రి అంతా ఈ వ్యానే."

అక్క భయపడ్డట్టే అయింది. క్యాంపు రోజున కుక్క మూతికి బన్ను పొడి. బేకరీ బాబాయి చేతికి ఎముక లేదు. "చిన్న ముక్కేనమ్మా. ఆపరేషన్‌కి పోతోంది కదా, కాస్త బలంగా ఉంటుందని" అని నసిగాడు. డాక్టరమ్మ వెనక్కి పంపేసింది. అక్క బాబాయిని దులిపేసింది. ఆయన తలొంచుకుని అన్నీ పడ్డాడు.

మరుసటి క్యాంపుకి అక్క వీధి మొత్తం చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. కుక్కను కొట్లోనే పెట్టి తలుపేసింది. దానికి పెట్టలేదని తనూ తినలేదు. తెల్లారింది. టీ కాచుకుంది. ఎప్పటిలాగే మొదటి బిస్కెట్టు టీలో ముంచి మిషను కిందికి చాచింది. ఏళ్ల తరబడి చేస్తున్న పని, చెయ్యి దాని దారిన అది చేసుకుపోయింది. ఏం చేసిందో తెలిసేసరికి మేనేజరమ్మ మూతి నాక్కుంటోంది.

"ఏమన్నా తిందా?" అని డాక్టరమ్మ అడిగినప్పుడు అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. దాని ప్రాణంతో ఆడుకోలేక నిజం చెప్పేసింది. డాక్టరమ్మ వచ్చే క్యాంపు తేదీ చీటీ మీద రాసిచ్చింది, అంతే. నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేదనిపించింది అక్కకి. తిరిగొస్తూ బేకరీ వైపు తలెత్తలేకపోయింది.

గడ్డ పెరిగింది, పగిలింది. అక్క కట్టు మార్చినప్పుడల్లా మేనేజరమ్మ ఆమె చెయ్యే నాకేది. మందులతో పుండు తగ్గితే తగ్గిందేమో గానీ మనిషికి నిద్ర లేదు.

ఆ తర్వాతి క్యాంపు రోజున వీధిలో ఒక్కరి చెయ్యీ జారలేదు. తనిఖీకి రావాల్సిన అధికారి ఈసారి అక్క చేతుల్లో ముడుచుకుని వస్తుంటే, బాబాయి షట్టరు సగం దించి పక్కకి తిరిగి నిలబడ్డాడు.

"ఏమన్నా తిందా?"

"ఏమీ తినలేదమ్మా. చుక్క నీళ్లు కూడా ముట్టలేదు." ఇన్నాళ్లకు సరైన జవాబు చెప్పానని అక్క గొంతు కాస్త లేచింది.

"ఎప్పట్నుంచి?"

అక్క ఆలోచించింది. నిన్న రాత్రి తను పెట్టలేదు, సరే. మొన్న పెట్టింది, గిన్నె అలాగే ఉంది. అటు మొన్న కూడా. ఆ గిన్నె కళ్ల ముందే ఉన్నా, ఈ రోజు కోసం కాచుకుంటూ దాన్ని చూడనేలేదు.

డాక్టరమ్మ చాలాసేపు గుండె, ఊపిరి విని, చిగుళ్లు చూసింది. "ఊపిరితిత్తుల్లోకి పాకినట్టుందక్కా. ఇంక కొయ్యలేను. నొప్పికి మందిస్తాను, ఇంటికి తీసుకెళ్లండి. ఇష్టమైనది ఏదైనా పెట్టండి. ఇప్పుడు పరవాలేదు."

మిషను కింద పీలికల్లో పడుకోబెడుతుంటే గుమ్మంలో బాబాయి నీడ పడింది.

"పెట్టొచ్చట బాబాయ్" అంది అక్క.

ఆయన పరుగున వెళ్లి వేడి బన్ను తెచ్చాడు. మేనేజరమ్మ వాసన చూసి, తల తిప్పి అక్క పాదం మీద ఆనించింది. ముక్క పెద్దదైందేమో అనుకుని ఆయన ఇంకొంచెం చిన్నది తుంచాడు. ఆ తర్వాత అంతకంటే చిన్నది.